మొదటి గేమ్‌కి యూనిటీనా, గోడోనా?

రెండూ గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లే. బీటెక్‌లో ఉండగా రెండింటిలోనూ చిన్న ప్లాట్‌ఫార్మర్ గేమ్ (హీరో దూకుతూ ముందుకెళ్లే ఆట) చేశాను. కొత్తవాళ్లెవరు అడిగినా గోడోతోనే మొదలుపెట్టమంటాను.

మొదటి కారణం లాప్‌టాప్. గోడోకి ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ విప్పి నొక్కితే తెరుచుకుంటుంది. యూనిటీకి జీబీల కొద్దీ చోటు కావాలి. పాత మెషీన్ మీదైతే ప్రాణం విసిగిపోతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన తేడా వేరే ఉంది. యూనిటీలో గేమ్ నడుస్తుండగా హీరో దూకే ఎత్తుని 8 నుంచి 11కి మార్చామనుకోండి. భలే కుదిరిందని ఆపగానే మళ్లీ 8కి వెళ్లిపోతుంది! కుదిరిన అంకె ఎక్కడో రాసిపెట్టుకోవాలి. గోడోలో ఎడిటర్‌లో మార్చింది నడుస్తున్న గేమ్‌లో వెంటనే కనిపిస్తుంది, ఆపాక కూడా అలాగే ఉంటుంది. ఆట చేతికి హాయిగా తగిలేది ఇలాంటి సవరణలతోనే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కోడ్ రాసే భాష సంగతి: గోడోలోని జీడీస్క్రిప్ట్ పైథాన్‌లా ఉంటుంది. యూనిటీలో వాడేది సీషార్ప్, అది జావా వచ్చినవాళ్లకు సులువే.

ఖర్చు సంగతి: గోడో 2014 నుంచి ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. యూనిటీ 2023లో గేమ్ ఇన్‌స్టాల్‌ల లెక్కన డెవలపర్లకు ఫీజు ప్రకటించి, 2024లో రద్దు చేసింది.

ఉద్యోగమే గురి అయితే మాత్రం యూనిటీ తప్పదు, మొబైల్ గేమ్ స్టూడియోలు ఎక్కువగా అడిగేది అదే. గోడోలో ఒక గేమ్ పూర్తిచేసి అటు వెళ్లండి. కొలిజన్ (వస్తువులు ఢీకొనడం), డెల్టా టైమ్ (రెండు ఫ్రేమ్‌ల మధ్య గడిచిన సమయం) లాంటివి మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు.