వంశవృక్షం చేసిస్తామంటే డబ్బులు కట్టేముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో ఉంటూ తాతముత్తాతల వివరాలు వెతుకుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నా. నాకు 18,000 రూపాయలు పోయాయి.

మా ఊరు చేవెళ్ల దగ్గర. నాన్న చనిపోయిన ఏడు పెత్రమాసకు స్వయంపాకం ఇస్తుంటే అయ్యగారు మూడు తరాల పేర్లు అడిగారు. తండ్రి, తాత చెప్పాను. ముత్తాత దగ్గర నోరు పెగల్లేదు. ఆ సిగ్గు మీదున్నప్పుడే ‘ఏడు తరాల వంశవృక్షం, ప్రభుత్వ రికార్డులతో సహా’ అన్న ప్రకటన కనబడింది, ఫోన్ చేశాను. సగం ముందు, సగం చార్టు చేతికొచ్చాక అన్నాడు. నాలుగో రోజుకే ‘ఆర్కైవ్స్ ఫీజు’ అంటూ మిగతా సగమూ లాగాడు.

నెలన్నరకు చార్టు వచ్చింది. మర్రిచెట్టు బొమ్మ, బంగారు రంగు అంచు, గట్టి ఫ్రేము. మా మేనత్తకు 84 ఏళ్లు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేరు మీదా వేలు జరుపుతూ చదివింది. “ఈ రామచంద్రయ్య ఎవడ్రా? మన ఇంట్ల అట్లాంటోడు లేడు” అంది. కాసేపాగి, “మరి నేనేడున్న?” అంది. ఏడు తరాల్లో ఒక్క ఆడపిల్ల పేరు లేదు. మా తాతకు ముగ్గురు కూతుళ్లు!

చార్టుతో ఇచ్చిన ‘రికార్డు నకలు’ అప్పుడు సరిగ్గా చూశాను. చాయ్‌లో ముంచి ఆరబెట్టినట్టున్న కాగితం. తేదీ 1931. ఊరి పేరు కింద చక్కటి తెలుగులో ‘రంగారెడ్డి జిల్లా’. ఆ జిల్లా పుట్టిందే 1978లో. ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి 1931లో బతికే ఉన్నారు. పైగా నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి, సంవత్సరం ఫసలీలో, అంటే అప్పటి రెవెన్యూ సంవత్సరాల లెక్కలో వేస్తారు. ఫసలీకి 590 కలిపితే దాదాపు మన సంవత్సరం వస్తుంది. 1931 నాటిదైతే 1340, 1341 లాంటి అంకె కనబడాలి. ఇదంతా ముందే చూసుకోవాల్సింది, ఫ్రేము చూసి మురిసిపోయాను.

అడిగితే “అది ట్రాన్స్‌లేషన్ కాపీ సార్” అన్నాడు. ఏ ఆఫీసుది, ఫైలు నంబరెంత అనేసరికి ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు స్విచాఫ్.

డబ్బు కన్నా టెన్షన్ పెడుతున్నది ఇంకోటి. ‘లింకు కలపడానికి’ అంటే నమ్మి ఆధార్, పట్టాదారు పాసుబుక్ కాపీలు వాట్సాప్‌లో పంపాను. తర్వాత నుంచి ఊళ్లో భూమి అమ్ముతారా అని ఫోన్లు వస్తున్నాయి. దీనికీ దానికీ సంబంధం ఉందని చెప్పలేను. మీరు మాత్రం పంపకండి. ఈ చార్టు ఫౌతీకి (చనిపోయినవాళ్ల భూమి వారసుల పేరుకు మార్చడానికి), ఆస్తి పనులకు పనికొస్తుందని కూడా అన్నాడు. వాటికి తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతారు, మర్రిచెట్టు బొమ్మ కాదు.

ఆ రోజే మా మేనత్త వేళ్ల మీద లెక్కపెడుతూ పదకొండు పేర్లు చెప్పింది, కోడళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో కూడా. ముత్తాత పేరు మల్లయ్యట. ఫోన్‌లో రికార్డు చేసుకున్నా. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. పాత శుభలేఖలు, ట్రంకు పెట్టెలో రిజిస్ట్రీ కాగితాలు తీయండి. ఆ తర్వాత మండల ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు నకలు అడగండి. పట్టాదారు పేరు పక్కన సాధారణంగా తండ్రి పేరుంటుంది, ఒక్క వరుసలో రెండు తరాలు దొరుకుతాయి. ఇంకా వెనక్కి పోవాలంటే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, ఉర్దూ చదవగలిగే మనిషిని వెంట తీసుకెళ్లండి. డబ్బులిచ్చి చేయించుకున్నా సరే, ప్రతి పేరుకూ ఏ రికార్డో, ఎక్కడిదో రాసిస్తేనే రెండో సగం కట్టండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. నా దగ్గర యూపీఐ స్క్రీన్‌షాట్లు తప్ప రసీదు లేదు. 1931 నాటి ‘రంగారెడ్డి జిల్లా’ కాగితం మీలో ఇంకెవరికైనా వచ్చి ఉంటే చెప్పండి, నా ఫిర్యాదుకు జత చేస్తా.