25 వాట్ల సోల్డరింగ్ ఐరన్: వేడెక్కినా లెడ్ కరగకపోతే

మైకా ఎలిమెంటు (వేడి పుట్టించే తీగ చుట్ట), పూత వేసిన బిట్ (ముందుకు పొడుచుకొచ్చే కడ్డీ), రెగ్యులేటర్ లేని మామూలు 25 వాట్ల ఐరన్ ఇది. లెడ్ అంటే ఇక్కడ అతుకు వేసే తగరం-సీసం తీగ. వరంగల్‌లో ఏ రిపేరు బల్ల మీద చూసినా ఇలాంటిదే ఉంటుంది. ఏళ్ల తరబడి రోజూ వాడిన మీదట దీనికి మంచి మార్కులే వేస్తాను. చాలామంది "లెడ్ కరగట్లేదు, ఎలిమెంటు పోయింది" అని పక్కన పడేస్తుంటారు. నిజానికి ఎలిమెంటు పోయేది తక్కువసార్లు. వేడి పుడుతూనే ఉంటుంది, లెడ్ దాకా చేరదు.

ఐరన్ పెట్టిన ఐదు నిమిషాలకు లెడ్ తీగను బిట్ కొసకు కాకుండా, బిట్ దూరి ఉండే గొట్టం దగ్గర దాని పక్కకు ఆనించి చూడండి. అక్కడ కరుగుతూ, కొస దగ్గర మాత్రం అంటకుండా ఉండలా జారిపడుతుంటే కొసకు నల్లటి ఆక్సైడ్ పట్టినట్టే. ఆ పొర వేడిని అడ్డుకుంటుంది. దీనికి ఆకురాయి, గరుకు కాగితం వాడొద్దు. పైనున్న ఇనుప పూత లేచిపోతే లోపలి రాగిని లెడ్‌లోని తగరం తినేస్తుంది, కొన్నాళ్లకే బిట్‌కు గుంట పడుతుంది. ఆకురాయి పట్టొచ్చు అనేది పూత లేని ఉత్త రాగి బిట్‌కే.

పూత బిట్‌ను బాగుచేయడానికి ఐరన్‌ను చల్లారనిచ్చి మళ్లీ ప్లగ్ పెట్టండి. వేడి ఎక్కుతున్నప్పుడే రోజిన్ (లెడ్ అంటుకునేలా చేసే చెట్టు బంక) ఉన్న లెడ్‌ను కొసకు తాకిస్తూ ఉండండి, కరగడం మొదలైన క్షణంలోనే అంటుకోవాలి. ఇత్తడి పీచులో రుద్ది, రోజిన్ గడ్డలో ముంచి, మళ్లీ లెడ్ పెట్టండి. మూడు నాలుగుసార్లకు కొస వెండిలా మెరుస్తుంది. పని అయ్యాక తుడవకుండా, కొస మీద లెడ్ ముద్ద ఉంచే స్విచ్ ఆపండి. ఈ ఒక్క అలవాటుతో బిట్ ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

బిట్ పక్కన కూడా కరగకపోతే, చల్లారాక స్క్రూ వదులు చేసి బిట్‌ను బయటికి లాగండి. గొట్టంలో పేరుకున్న పెచ్చులను తట్టి రాల్చేసి, బిట్‌ను అడుగు దాకా దూర్చి బిగించండి. నూనె, గ్రీజు రాయొద్దు.

అప్పటికీ చల్లగానే ఉంటే ప్లగ్ పీకి, దాని కరెంటు పిన్నులు రెండింటి మధ్య మల్టీమీటర్ పెట్టండి. 230 వోల్టుల 25 వాట్ల ఎలిమెంటుకు సుమారు 2,100 ఓములు రావాలి. 60 వాట్లదైతే 880 దరిదాపు. ఏమీ చూపకపోతే ముందు పిడి దగ్గర వైరును వంచి చూడండి, ఎక్కువగా తెగేది అక్కడే. ఆ కరెంటు పిన్నులకూ (ఎర్త్ పిన్ను కాదు) బిట్‌కూ మధ్య ఏ కొంచెం రీడింగ్ వచ్చినా ఆ ఐరన్ వాడొద్దు, షాక్ కొడుతుంది.

ఊళ్లలో మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది. 180కి దిగితే 25 వాట్ల ఐరన్ ఇచ్చేది దాదాపు 15 వాట్లే. ఐరన్‌ను తిట్టేముందు స్విచ్‌బోర్డులో వోల్టేజీ చూసుకోండి.

లెడ్ సంగతి కూడా ఉంది. చుట్ట మీద 60/40 (60 పాళ్లు తగరం, 40 సీసం) అని ఉంటే 190 డిగ్రీల లోపే పూర్తిగా కరుగుతుంది. తగరం తగ్గించి చవకగా అమ్మే 30/70 రకం 255 దాకా ముద్దముద్దగానే ఉంటుంది. సీసం లేని తగరం-రాగి తీగకు 227 కావాలి. రోజిన్ లేని తీగ అయితే సరిగ్గా అంటదు. యాసిడ్ పేస్ట్ వాడితే అంటుతుంది గానీ బిట్‌నూ సర్క్యూట్ బోర్డునూ తినేస్తుంది.

ఈ ఐరన్‌కు చేతకాని పనులూ ఉన్నాయి. నర్సంపేట, పరకాల వైపు నుంచి పత్తి, మిర్చి సీజన్‌లో వచ్చే బ్యాటరీ స్ప్రే పంపులకు టెర్మినల్ వైరు అతకాలంటే 25 వాట్లు చాలవు. లావు రాగి వేడిని లాగేసుకుంటుంది, లెడ్ పైపైన గడ్డకట్టి రెండో రోజే ఊడొస్తుంది. దానికి 60 వాట్లది, వెడల్పు ఉలి బిట్‌తో వాడండి. చిన్న బోర్డులకు కూడా సూది కొసకన్నా సన్న ఉలి కొసే నాకు నచ్చుతుంది, ఆనే చోటు ఎక్కువ కాబట్టి వేడి తొందరగా దిగుతుంది. కొత్త బిట్ కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి, లావులో పిసరంత తేడా ఉన్నా గొట్టంలో వదులుగా ఆడుతుంది.