డిక్షనరీయా, డేటాక్లాసా: కోడ్ రివ్యూలో ఏది మేలు?

కాకినాడ, భీమవరం, అమలాపురం కళాశాలల నుంచి ఓపెన్ సోర్స్‌లోకి వస్తున్న విద్యార్థులు పైథాన్ ప్యాచ్ (ప్రాజెక్టు కోడ్‌లో చేర్చమని పంపే మార్పు) పంపే ముందు తరచుగా అడిగే ప్రశ్న ఇది: రికార్డును డిక్షనరీగా (కీ అనే పేరు, దాని విలువ జంటలుగా) రాయాలా, డేటాక్లాస్‌గా (ఫీల్డుల పేర్లు ముందే ప్రకటించిన క్లాస్‌గా) రాయాలా? అడిగేవారి ఆలోచన ఎక్కువగా వేగం మీద ఉంటుంది. కోడ్ రివ్యూలో, అంటే ప్యాచ్‌ను చేర్చుకునే ముందు పరిశీలించేటప్పుడు, నేను మాత్రం అదే సమాచారం ప్రాజెక్టులో మిగతా చోట్ల ఏ రూపంలో ఉందో ముందుగా చూస్తాను.

గోదావరి వరద మట్టాన్నే తీసుకుందాం. ధవళేశ్వరం వద్ద 11.75, 13.75, 17.75 అడుగులకు వరుసగా మూడు హెచ్చరికలు జారీ అవుతాయి. భద్రాచలంలో అవే 43, 48, 53 అడుగులకు. అందువల్ల ఏ ఊరిదో చెప్పని మట్టం అంకెకు అర్థం లేదు. ఈ రికార్డును డిక్షనరీలో పెట్టడం సులువు. జేసన్‌లో (ప్రోగ్రాముల మధ్య డేటాను పంపే టెక్స్ట్ రూపం) వచ్చినదాన్ని దాదాపు వచ్చినట్టే వాడుకోవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒక ఫైలులో 'మట్టం' అనీ, మరొక ఫైలులో 'నీటిమట్టం' అనీ కీ రాసినా, విలువ పెట్టేటప్పుడు పైథాన్ అభ్యంతరం చెప్పదు. చదివేచోట గెట్ అనే మెథడ్‌కు, కీ దొరకకపోతే ఇవ్వాల్సిన డిఫాల్ట్‌గా సున్నా ఇచ్చి ఉంటే పదిహేడు అడుగులు దాటిన వరద కూడా సున్నాగానే కనిపించి, హెచ్చరిక వెళ్లకుండా ఆగిపోతుంది. రివ్యూ చేసేవారికి తెరపై కనిపించేవి మారిన పంక్తులే కనుక, రెండవ ఫైలులోని కీ వారి కంట పడకపోవచ్చు.

డేటాక్లాస్‌లో ఫీల్డులన్నీ ఒకేచోట ఉంటాయి. లేని పేరుతో ఆబ్జెక్ట్ సృష్టించబోతే అక్కడికక్కడే టైప్‌ఎర్రర్ వస్తుంది. తరువాత పేరు తప్పుగా రాసి విలువ పెడితే మాత్రం మామూలు డేటాక్లాస్ కూడా ఊరుకుంటుంది కాబట్టి, సృష్టించాక విలువలు మార్చనివ్వని ఫ్రోజెన్ అనే ఎంపిక పెట్టమని నేను అడుగుతాను. పైథాన్ 3.7 నుంచి డేటాక్లాస్ భాషతో వచ్చే ప్రామాణిక లైబ్రరీలోనే ఉంది.

అయినా, డిక్షనరీలతోనే నడుస్తున్న ప్రాజెక్టులో ఒక్క ప్యాచ్ మాత్రం డేటాక్లాస్ తెస్తే ఒప్పుకోను. ఒకే కాలువ కింద ఎగువన ఒక వంతు లెక్క, దిగువన మరొక వంతు లెక్క పాటిస్తే శివారు భూములకు నీరందదు. ఇక్కడా అంతే, ఏ ఫంక్షన్‌కు ఏ రూపం అందుతుందో తెలియక ప్రతిచోటా మార్పిడి కోడ్ పేరుకుపోతుంది. మార్చదలిస్తే రికార్డు వాడే అన్ని చోట్లా మారుస్తూ వేరే ప్యాచ్ పంపాలి.

మిగతా రూపాల మాటకొస్తే, పేర్లు లేకుండా విలువలను వరుసగా ఉంచే టపుల్ రెండు విలువల వరకు సరే. సెట్ సభ్యత్వ పరీక్షకు, అంటే ఒక విలువ అందులో ఉందో లేదో చూడడానికి, మంచిదే గాని, క్రమం ముఖ్యమైనచోట లిస్టే వాడాలి.

కొత్తగా మొదలయ్యే ప్రాజెక్టులో జేసన్ చదివే ఫంక్షన్ వరకే డిక్షనరీని ఉంచి, అక్కడి నుంచి లోపలికి డేటాక్లాస్‌నే పంపమంటాను.