పవర్ మిషన్‌తో ఆరేళ్ళు: ఇల్లూ కుట్టూ ఒకే చూరు కింద

"పిన్నీ, పవర్ మిషన్ కొనుక్కోనా, ఉన్నదానికే మోటారు పెట్టించుకోనా?" మా వీధిలో కుట్టు నేర్చుకున్న ఆడపిల్లలు నెలకొకరైనా ఇది అడుగుతారు. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఒకసారి కూర్చుని రాస్తున్నాను. పవర్ మిషన్ అంటే బట్టల ఫ్యాక్టరీల్లో వాడే, కరెంటుతో నడిచే కుట్టు మిషన్. నేను 2019 డిసెంబరులో కొన్నాను. కంపెనీ పేరు కావాలనే చెప్పడం లేదు. ఈ ధరలో దొరికే సింగిల్ నీడిల్, అంటే ఒంటి సూది మిషన్లన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి, దీనికొచ్చిన జబ్బులే వాటికీ వస్తాయి.

మాది రాజమండ్రి. రెండో అంతస్తులో రెండు గదుల వాటా. ఆయనది షిఫ్టు డ్యూటీ. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. 2015లో పుష్కరాలు అయిన నెలలోనే ఏడు వేలు పెట్టి తొక్కుడు మిషన్ కొన్నాను. రెండేళ్ళకి మోకాళ్ళు నొప్పులొచ్చి దానికి మోటారు పెట్టించాను. అక్కడ మొదలైంది అసలు తంటా. మోటారు పెట్టిన పాత మిషన్ మోత మీకు తెలిసే ఉంటుంది. అప్పటికి చిన్నాడు ఉయ్యాల్లో ఉన్నాడు. నేను భుజం కుట్టు వేస్తే కదిలేవాడు, చంక కుట్టు వేస్తే లేచి కూర్చునేవాడు. ఆయనకి నైట్ డ్యూటీ ఉన్న వారం పగలు మిషన్ ముట్టుకోవడానికి లేదు, డే డ్యూటీ అయితే రాత్రి ముట్టుకోవడానికి లేదు. మిగిలేది పదకొండు నుంచి ఒంటిగంట దాకా. అది వంట వేళ.

అందుకని నేను పవర్ మిషన్ కొన్నది వేగం కోసం కాదు, నిశ్శబ్దం కోసం. షాపతను మాత్రం వేగం గురించే ఊదరగొట్టాడు. నిమిషానికి అయిదు వేల కుట్లండి, అని. అయిదు వేల కుట్లు పడితే నా బ్లౌజు ఎక్కడికి పోయి ఆగుతుందో నాకు తెలియదా! నేను అడిగింది ఒక్కటే: కాలు తీశాక కూడా మోటారు రొద పెడుతుందా? పాత రకం క్లచ్ మోటారు అయితే స్విచ్ వేసినంతసేపూ హోరుమంటూ తిరుగుతూనే ఉంటుంది, కరెంటూ తింటుంది. సర్వో మోటారు కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది, తీస్తే చడీ చప్పుడూ ఉండదు. సర్వో మోటారు మిషన్ తలలోనే ఉన్న రకం 24,500 అన్నాడు. చీటీ పాడిన డబ్బు పెట్టి తెచ్చాను. "ఇంత డబ్బు పెట్టి ఫ్యాక్టరీ మిషనా?" అన్నారు ఆయన. మొదటిరోజు రాత్రి పదిన్నరకి నేను నైటీ కుడుతుంటే పక్క గదిలో గురక ఆగలేదు. ఆ మాట మళ్ళీ అనలేదు.

ఇంటికి తెచ్చే ముందు చోటు కొలుచుకోండి. బల్ల దాదాపు నాలుగడుగుల పొడవు. తల ఒక్కటీ మోయాలంటేనే మగమనిషి కావాలి, మా మెట్లమీద ఇద్దరు పట్టారు. వంటింటికీ ముందుగదికీ మధ్య కిటికీ కింద వేశాను, కుక్కర్ విజిల్ లెక్కపెట్టుకోవచ్చని. అది నేను చేసిన పెద్ద తప్పు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు వేగం లెక్క. పని తెమలడం లేదని ఒకరోజు విసుగొచ్చి ఫోనులో టైం పెట్టుకుని చూశాను. లైనింగ్ బ్లౌజు ఒకటి మొదటినుంచి చివరిదాకా రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. అందులో మిషన్ నిజంగా తిరిగింది 22 నిమిషాలు. మిగతాదంతా ఆది జాకెట్టు కొలుచుకోవడం, కత్తిరించడం, ముక్కలు జత చేయడం, ఇస్త్రీ, తప్పు కుట్టు విప్పడం. హుక్సులూ కాజాలూ చేతి కుట్టూ కలిపి ముప్పావుగంట. పాత మిషన్ మీద ఆ 22 నిమిషాలు నలభై దాటేవి. అంటే బ్లౌజుకి నాకు మిగిలింది ఇరవై నిమిషాలు. ఇది షాపులో ఎవరూ చెప్పరు. బ్లౌజులో పొడుగు కుట్లు ఉండవు, అన్నీ జానెడు కుట్లూ వంపులూ. మీది బ్లౌజుల పనే అయితే పవర్ మిషన్ రోజుకి మూడు బ్లౌజుల్ని ఆరు చేయదు, మూడుని నాలుగు చేస్తుంది. అదీ ఇంట్లో ఇంకొకరు హుక్సులు కుడితే.

నైటీలు, పరికిణీలు, అనార్కలీలు, కర్టెన్లు, దిండు గలీబుల సంగతి వేరు. గజాల కొద్దీ తిన్నగా పోయే కుట్టు కదా, అక్కడ దీని దూకుడు చూడాలి. కొన్న మూడు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగాయి, బ్లౌజులు ఆగాయి, నెత్తిన చీటీ బాకీ. అప్పుడే మన రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామని డ్వాక్రా మహిళలకి కుట్టే పని ఇచ్చారు. మా గ్రూపుకీ గుడ్డ వచ్చింది. ఒక మాస్కు వెనక ఇంకొకటి, మధ్యలో దారం తెంపకుండా తోరణంలా కుట్టుకుంటూ పోయేదాన్ని. అత్తయ్య కత్తెర పట్టుకుని అటువైపు కూర్చుని తెంపుతూ ఉండేవారు. ఈ మిషన్ సత్తా నాకు తెలిసింది ఆ నెలన్నరలోనే.

దెబ్బలూ చెప్పాలి. మొదటి వారంలోనే సూదిలో దారం ఎక్కిస్తూ అలవాటుగా పెడల్ మీద కాలు పెట్టాను. పాత మిషన్ అయితే ఒక చుట్టు తిరిగి ఊరుకునేది. ఇది గోరులోంచి దిగింది. టీటీ ఇంజక్షన్ చేయించుకుని, వారంపాటు ఎడమచేత్తో కూర కలిపాను. అప్పటినుంచి దారం ఎక్కించాలన్నా సూది మార్చాలన్నా స్విచ్ కట్టేస్తాను. వేగం కూడా మోటారుని నడిపే కంట్రోల్ బోర్డు మీద బటన్ నొక్కి రెండు వేలకి తగ్గించి పెట్టుకున్నాను, ఇప్పటికీ మూడు వేలు దాటనివ్వను. పిల్లలున్న ఇంట్లో మిషన్ దగ్గర్నుంచి లేస్తే ప్లగ్గు పీకేయండి. మా చిన్నాడు పెడల్‌ని కారు యాక్సిలరేటర్ అనుకునేవాడు.

రెండోది ఆయిల్. ఇంటి మిషన్‌కి చుక్కలు వేస్తాం కానీ దీనికి అడుగున ట్యాంకే ఉంటుంది. పై గీతకీ కింది గీతకీ మధ్య వైట్ ఆయిల్ ఉండాలి. మిషన్ తిరుగుతుంటే పైన అద్దం బిళ్ళలో ఆయిల్ ఎగజిమ్మడం కనబడాలి, కనబడకపోతే ఆపేయాలి. అంతవరకూ బాగానే ఉంది. సంక్రాంతికి పుట్టింటికెళ్ళి పదిరోజుల తర్వాత వచ్చి, ఎవరిదో పిస్తా రంగు పట్టు జాకెట్టు నేరుగా పెట్టేశాను. సూది కడ్డీ వెంట దిగిన ఆయిల్ చంక కింద మచ్చైంది. ముఖానికి రాసుకునే పౌడరు అద్ది రాత్రంతా ఉంచితే సగం పోయింది, సగం పోలేదు. ఆవిడకి ఉన్నమాట చెప్పాను, కుట్టుకూలి తీసుకోలేదు. ఇప్పుడు రోజూ మొదటి కుట్టు పాత గుడ్డపీలిక మీదే.

2021 వేసవిలో ఈదురుగాలికి వోల్టేజి ఎగిరి బోర్డు పోయింది. వారంటీలో రాదన్నారు. 4,800 కట్టాను. ఆ డబ్బు కంటే తొమ్మిది రోజులు మిషన్ ఆగడమే ఎక్కువ బాధపెట్టింది. స్టెబిలైజర్ మొదటిరోజే పెట్టించుకోండి. ఇన్వర్టర్ మీద నడపొచ్చా అని మెకానిక్‌ని అడిగితే, "ఆయ్, ఆ పని మాత్రం చేయకండమ్మా, బోర్డు పోద్దండి" అన్నాడు. నేను చేయలేదు.

సూదులు వేరు. ఇంటి మిషన్ సూదికి ఒకవైపు చదునుగా ఉంటుంది, దీని సూది కాడ గుండ్రం. పాత డబ్బాలో మిగిలినవి పనికిరావు. పట్టుకీ జార్జెట్‌కీ 11 నంబరు, కాటన్‌కి 14. షాపువాడు 16 బిగించి పంపితే మొదటి పట్టు బ్లౌజు కుట్టు పొడుగునా ముడతలు పడింది. సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే పాదం ఒత్తిడి కూడా ఫ్యాక్టరీ గుడ్డకి సరిపోయేంత గట్టిగా ఉంటుంది. పల్చటి టిష్యూ మీద, కింద గుడ్డని జరిపే పళ్ళ గుర్తులు పడతాయి, పైన మరను కాస్త వదులు చేసుకోవాలి. మగ్గం వర్క్ బ్లౌజులకి ఒంటిపక్క ఉండే పాదం, హాఫ్ ఫుట్ అంటారు, కొనుక్కోండి. పూస మీద సూది పడితే ముక్క కంటివైపే ఎగురుతుంది.

ఇక టెన్షన్, అంటే దారం బిగువు. ఈ మిషన్‌లో అది రెండు చోట్ల ఉంటుంది: పైన నట్టు, కింది దారం ఉండే బాబిన్ కేసు మర. దారం పట్టుకుని కేసుని వేలాడదీసి చిన్నగా కుదిపితే, జారిపోకుండా కొంచెం దిగి ఆగాలి. మూడో టెన్షన్ శ్రావణమాసంలో నా నెత్తిమీద ఉంటుంది, దానికి మర లేదు.

ఇల్లు ఎలా నడిచిందనేదే అసలు సమీక్ష. మిషన్ చప్పుడు తగ్గింది కదా అని నేను ఎప్పుడు పడితే అప్పుడు కూర్చోవడం మొదలెట్టాను. పిల్లల డబ్బాలు సర్దుతూ ఒక చెయ్యి, సాయంత్రం హోంవర్క్ అడుగుతూ ఒక కాలు. కిటికీ కింద వేసిన తప్పు అక్కడే బయటపడింది. వంటింట్లోంచి చూస్తే మిషన్, మిషన్ దగ్గర్నుంచి చూస్తే వంటిల్లు. పప్పు మాడేది, మెడ పైపింగ్ వంకర పోయేది. సాంబారన్నంలో బంగారు రంగు దారప్పోగు వచ్చినరోజు మామూలుగా మాట పెగలని మా పెద్దమ్మాయి, "అమ్మా, ఇది ఎవరి బ్లౌజుది?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మర్నాడే మిషన్‌ని లోపలి గదికి మార్పించాను. తలుపున్న గది. ఎండాకాలం ఉక్కపోతే, అయినా సరే. తలుపు వేసి ఉంటే అమ్మ పనిలో ఉందని, తీసి ఉంటే అమ్మ ఖాళీ అని పిల్లలకి అలవాటైంది. కస్టమర్లకి అలవాటవడానికి రెండేళ్ళు పట్టింది. ఇంట్లోనే కదా ఉంటావు అని రాత్రి తొమ్మిదికి వచ్చి "ఒక్క హుక్కే కదక్కా" అంటారు. ఆ ఒక్క హుక్కు వెనకాల పాత చుడీదార్ చంక వదులు చేయడం ఉంటుంది. ఇక చుట్టాలు డబ్బు మాటే ఎత్తరు. సాయంత్రం ఏడు దాటాక ఇవ్వడాలూ పుచ్చుకోవడాలూ లేవని గుమ్మానికి పలక వేలాడదీశాను. మొదటి నెలలో ముగ్గురు అలిగారు, ఒకావిడ ఇంకా అలిగే ఉంది.

హుక్సులూ చేతి కుట్టూ అత్తయ్యవి. మొదట్లో ఊరికే చేసేవారు. మాస్కుల డబ్బు వచ్చినప్పుడు బ్లౌజుకి ముప్పై రూపాయలు ఆవిడకని లెక్కకట్టి చేతిలో పెట్టాను. "ఇంట్లోవాళ్ళకి కూలేమిటే అమ్మాయ్" అని వెనక్కిచ్చారు. నెలాఖరున మాత్రం, "ఎన్నయ్యాయి?" అని అడిగారు. ఇప్పుడు ఆవిడ లెక్క ఆవిడ పుస్తకంలో ఉంటుంది, నా పుస్తకం కంటే శుభ్రంగా. నేల మీద గుండుసూదులు ఏరడం చిన్నాడి పని, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతంతో.

ఆదాయం దాచక్కర్లేదు. మామూలు నెల ఖర్చులు పోను తొమ్మిది నుంచి పన్నెండు వేలు. శ్రావణంలో, మాఘంలో అంతకు రెట్టింపు. ఆషాఢంలో చీరలు కొంటారు, కుట్టించుకోరు. 2024 వేసవిలో మూఢమొచ్చి ముహూర్తాలు లేక, నిండు పెళ్ళిళ్ళ కాలంలో మా ఊరి తాడితోట బట్టల మార్కెట్‌కి వెళ్ళి హోల్‌సేల్ పాప్లిన్ తానులు తెచ్చి దిండు గలీబులు కుట్టుకుని గట్టెక్కాం. ఇప్పుడు కొనేవాళ్ళు చేతివృత్తులవాళ్ళకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం గురించి కనుక్కోండి. 2023 సెప్టెంబరులో వచ్చింది, అందులో దర్జీ పని ఉంది. పనిముట్లకి 15,000 ఈ-వోచరు, మొదటి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి అప్పు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. నాకు చీటీ పాటలో పోయినంత వడ్డీ మీకు పోదు.

చీర అంచుకి వేసే పికో, వంకర కుట్టు జిగ్‌జాగ్ ఈ మిషన్ చేయదు, దానికి వేరే ఉండాలి. నడుంనొప్పి తగ్గిస్తుందనుకోకండి, పెరుగుతుంది. తొక్కుడు మిషన్ మీద కాళ్ళన్నా ఆడేవి. గంటకోసారి లేవాలని అనుకుంటాను, మంచినీళ్ళు మర్చిపోయి తెచ్చుకోనప్పుడే లేస్తాను. నెలకి పది బ్లౌజులు కుట్టేవాళ్ళకి ఇది అనవసరం. పాతికా ముప్పై దాటితే, ఇంట్లో పగలు నిద్రపోయేవాళ్ళో పసిపిల్లలో ఉంటే కొనండి.

పాత మిషన్‌ని మాత్రం ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి. పదిహేనొందలు ఇస్తామన్నారు, నేను ఇవ్వలేదు. రెండేళ్ళ కిందట వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు సాయంత్రం వానకి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. పొద్దున్నే ఇవ్వాల్సినవి నాలుగు. మోటారు బెల్టు విప్పేసి, తొక్కుడు బెల్టు తగిలించి, చార్జింగ్ లైటు బాబిన్ల డబ్బా మీద నిలబెట్టి తొక్కాను. ఆ పాత మోతకి ఇల్లంతా మేలుకుంది. రాత్రి రెండింటికి అత్తయ్య టీ పెట్టారు, నాలుగింటికి కరెంటు వచ్చింది. అప్పటికి ఆఖరి బ్లౌజుకి హుక్సులు మిగిలాయి.