ఏటవాలు దారికి ఎర్ర గ్రావెలా, కంకరా?

అరకు, పాడేరు వంటి వానలు ఎక్కువగా కురిసే కొండ ప్రాంతాలలో ఇంటి ముందు ఏటవాలు దారికి ఎర్ర గ్రావెల్ (మొరం మట్టి) పరవాలా, 20 ఎం.ఎం. కంకర పరవాలా అన్నది ధరను మాత్రమే చూసి తేల్చదగిన విషయం కాదు. గ్రావెల్ చవక, తడిపి రోలర్‌తో తొక్కిస్తే గట్టిగా అణుగుతుంది. కానీ అందులోని బంకమన్ను నైరుతి వానలకు నాని జారుడుగా మారుతుంది, సన్నని రేణువులు నీటితో కొట్టుకుపోయి దారి పొడవునా చాళ్లు పడతాయి. క్రషర్ నుంచి వచ్చే కోణాల కంకర ముక్కలు ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి, నీరు వాటి సందుల్లోంచి దిగిపోతుంది. అయితే అడుగున 40 ఎం.ఎం. రాయి పరచకుండా నేరుగా మట్టిపై పోస్తే అది బురదలో కూరుకుపోతుంది. సరుకు తెచ్చే టిప్పర్ లారీ మలుపు ఎక్కలేకపోతే ట్రాక్టర్ కిరాయి అదనం. నా మట్టుకు నేను కంకరనే ఎంచుకుంటాను, అదీ కొండవైపు కాలువ తవ్వించిన తరువాతే.