లేని చేతికి అద్దం పెట్టె: కొనదగినదేనా?

బియ్యం మిల్లు ప్రమాదంలో ఎడమ మోచేతి కింది భాగాన్ని కోల్పోయిన మా మేనమామ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించి, మిర్యాలగూడలోని ఆయన ఇంట్లో వాడుతున్న మడత అద్దం పెట్టె గురించి ఈ సమీక్ష. తెగిపోయి లేని చేతిలోనే నొప్పి ఉన్నట్టు అనిపించడాన్ని తగ్గించడానికి వాడేది ఇది. నిలువుగా అమర్చిన ఒక అద్దం, దాని వెనుక మూసిన అర, అంతకుమించి ఆ పెట్టెలో ఏమీ లేదు. మొండిచేతిని అరలో ఉంచి, అద్దంలో కుడిచేతి ప్రతిబింబాన్ని చూస్తూ, రెండు చేతులనూ ఒకేసారి తెరిచి మూయడానికి ప్రయత్నించాలి.

1990లలో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ముందుకు తెచ్చిన పద్ధతి ఇది. చెయ్యి తెగిపోయినా మెదడులో దానికి కేటాయించిన భాగం మిగిలే ఉంటుంది కనుక, కదలమన్న ఆజ్ఞ వెలువడుతూనే ఉంటుంది, కదిలిందన్న కబురు మాత్రం తిరిగి రాదు. లేని చెయ్యి బిగుసుకుపోయినట్టు నొప్పి పుట్టడానికి ఈ పొంతన లేకపోవడం ఒక కారణమని ఆయన ప్రతిపాదించారు. రాని కబురును అద్దం కంటి ద్వారా అందిస్తుంది. మామకు పిడికిలి విప్పుకున్నట్టు అనిపించడం, రాత్రి నొప్పి కొంత తగ్గడం నిజమే కానీ, మొండిచేతి చివర మంట మాత్రం తగ్గలేదు. అది తెగిన నరాల కొసల నుంచి వచ్చేదని డాక్టరు చెప్పారు.

వస్తువులోని పెద్ద లోపం అద్దమే. గాజుకు బదులు పలుచని ప్లాస్టిక్ రేకు వేయడం వల్ల ప్రతిబింబం అలలుగా వంగుతుంది, వంగిన మరుక్షణం అది తన చెయ్యి కాదన్న భావన మామకు కలిగేది. ఊళ్లోని గ్లాసు షాపులో కోయించిన అద్దం బిగించాకే పెట్టె పనికొచ్చింది. ఉంగరం, గడియారం తీసివేయాలన్న ముఖ్యమైన సూచన కూడా పెట్టెతో వచ్చిన కరపత్రంలో లేదు. "లేని చేతికి ఉంగరమెవరు తొడిగిండ్రు అల్లుడూ" అని మామే మొదటిరోజు పట్టేశాడు.

ఇంత చిన్న తేడాకే ఆ భావన ఎందుకు చెదురుతుందో 1998లో బాట్వినిక్, కోహెన్ అనే పరిశోధకులు ప్రచురించిన రబ్బరు చేతి ప్రయోగం చూస్తే తెలుస్తుంది. అసలు చేతిని తెర చాటున ఉంచి, ఎదురుగా పెట్టిన రబ్బరు చేతినీ దానినీ ఒకేసారి కుంచెతో నిమిరితే, చాలామందికి రబ్బరు చెయ్యే తమదనిపిస్తుంది. రెండింటినీ నిమిరే సమయం కలవకపోతే ఆ భావన బలహీనపడుతుంది. చూపు, స్పర్శ, కదలాలన్న సంకల్పం ఒకదానితో ఒకటి సరిపోలినప్పుడే మెదడు ఒక అవయవాన్ని "నాది" అని లెక్కిస్తుంది, ఆ లెక్కను క్షణక్షణం సరిచూసుకుంటుంది.

"నేను అన్నదే భ్రమ" అని ఈ పెట్టె నిరూపిస్తుందన్న కరపత్రం మాట మాత్రం అతిశయోక్తి. అద్దం తాకేది శరీరం నాదన్న పొరను మాత్రమే. 1953లో శస్త్రచికిత్స తర్వాత కొత్త అనుభవాలను గుర్తుంచుకునే శక్తి కోల్పోయిన హెన్రీ మొలైసన్‌కు తన పేరు, బాల్యం తెలుసు, తన శరీరం తనదేనన్న ఎరుకా పోలేదు. అంటే, జీవితకథ వేరు, శరీరంపై సొంతదనం వేరు. ఈ పెట్టెకు మొదటిదానితో పని లేదు.

ఈ చికిత్స ఫలితం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి, ముందు డాక్టరుకు చూపించి, నొప్పి బిగువు రకానిదని తేలితేనే ప్రయత్నించాలి. అప్పుడైనా ఈ పెట్టెను కొనమని నేను చెప్పను. వడ్రంగి చేత చెక్క చట్రం చేయించి, చెయ్యి మొత్తం కనిపించేంత వెడల్పు గల గాజు అద్దం బిగిస్తే ఇంతకంటే మెరుగ్గా పనిచేస్తుంది.