చలికాలమంతా డీజిల్ ట్రక్కును పక్కన పెడుతుంటే: ట్యాంకు నింపాలా, ఖాళీగా వదలాలా? ఏది మేలు?

మూడు నాలుగు నెలలు ట్రక్కు కదలదని తెలిస్తే అందరూ మొదట అడిగేది ట్యాంకు గురించే. దానికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. నడిచలిలో ఒక్కసారైనా బండి తీయాల్సి వస్తుందా, లేక చలి పూర్తిగా తగ్గేదాకా తాళం ముట్టుకోరా? రెండింటికీ జాగ్రత్తలు వేరు. డీజిల్‌లోని మైనం చలికి గడ్డకట్టడం నడిచలిలో బండి తీసేవాళ్ల బెడద. తియ్యనివాళ్లకు దానితో పెద్ద పేచీ లేదు, ఎండ వచ్చాక మైనం మళ్లీ కరుగుతుంది. వాళ్లు భయపడాల్సింది ట్యాంకు అడుగున చేరే నీటికి, ఆ నీటిని ఆసరా చేసుకుని పెరిగే ఫంగస్‌కు.

నిండు ట్యాంకా, అడుగంటిన ట్యాంకా

ఖాళీ ట్యాంకులో గాలి తేమ నీరై దిగుతుందన్నది నిజమే. కానీ ఎంత? 400 లీటర్ల ట్యాంకులో 300 లీటర్లు ఖాళీ అనుకుందాం. పగటికీ రాత్రికీ 20 డిగ్రీల తేడా ఉంటే ట్యాంకు లోపలికి పీల్చుకునే గాలి 20 లీటర్ల చుట్టూ ఉంటుంది. 20 డిగ్రీల వద్ద తేమతో నిండిన గాలిలో ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాముల నీరు ఉంటుంది కాబట్టి, ఒక రోజుకు అర గ్రాము కూడా రాదు. ప్రతి రోజూ అదంతా నీరుగా మారిందనుకున్నా నాలుగు నెలలకు 40 గ్రాముల దరిదాపు.

నిండు ట్యాంకులోనూ నీరు దిగుతుంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. డీజిల్ తనలో కొంత నీటిని కరిగించుకుని ఉంటుంది, చల్లబడిన కొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. తేమ బాగా పట్టిన 400 లీటర్ల డీజిల్ 20 డిగ్రీల నుంచి సున్నాకు చేరితే పది గ్రాముల పైచిలుకు నీరు అడుగుకు దిగవచ్చు. బయోడీజిల్ కలిసి ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది మామూలు డీజిల్ కన్నా ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుకుంటుంది.

అయినా నిండు ట్యాంకుకే మా ఓటు. ఇనుప ట్యాంకైతే డీజిల్ తగలని పైగోడలే తుప్పు పడతాయి, ఆ పొట్టు వసంతంలో ఫిల్టరుకు చేరుతుంది. పైన గాలి తక్కువుంటే డీజిల్ పాడవడమూ తగ్గుతుంది. అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకుల్లో ఈ లాభం కొంచెమే. ఏ ట్యాంకైనా అంచుదాకా పోయకండి. డీజిల్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.08 శాతం వ్యాకోచిస్తుంది, 400 లీటర్లు 30 డిగ్రీలు వేడెక్కితే పది లీటర్లు పెరుగుతాయి. 95 శాతం చాలు.

ఒక్క సందర్భంలో మాత్రం నింపడం తప్పు. ట్యాంకులో వేసవిలో పోయించిన డీజిల్ గానీ, బీ-20 (20 శాతం బయోడీజిల్ కలిపిన డీజిల్) గానీ సగం ఉండగా దానిపైనే కొత్తది పోస్తే మొత్తం పాతదాని గుణం వైపే మొగ్గుతుంది. ముందు పాతది నడిపి అయిపోగొట్టండి, అడుగు డ్రెయిన్ బోల్టు విప్పి నీళ్లూ మురికీ వదిలేయండి, ఆ తర్వాతే నింపండి. ట్యాంకు ఎంత నిండిందన్న దానికన్నా అందులో ఏ కాలపు డీజిల్ ఉందన్నదే ఎక్కువ పట్టించుకోవాలి.

చలికాలపు డీజిలా, యాంటీ జెల్ మందా, కిరోసిన్ కలపడమా

డీజిల్‌కు చలికి సంబంధించి రెండు అంకెలుంటాయి. మైనం స్ఫటికాలు కట్టి డీజిల్ మసకబారడం మొదలయ్యే ఉష్ణోగ్రత క్లౌడ్ పాయింట్. ఆ స్ఫటికాలు ఫిల్టరును మూసేసే ఉష్ణోగ్రత సీఎఫ్‌పీపీ. యాంటీ జెల్ మందు రెండోదాన్ని బాగా తగ్గిస్తుంది, మొదటిదాన్ని దాదాపు కదిలించదు. రోజూ తిరిగే బండికి అది చాలు. నిలబెట్టిన బండి సంగతి అలా కాదు. క్లౌడ్ పాయింట్ కన్నా తక్కువ చలిలో రోజుల తరబడి కదలకుండా ఉంటే ఆ సన్నని స్ఫటికాలు మెల్లగా అడుగుకు దిగి చేరతాయి. ఇంజన్‌కు డీజిల్ లాగే గొట్టం మూతి ఉండేదీ అక్కడే. సీసా మీద మైనస్ 30 దాకా పనిచేస్తుందని రాసి ఉన్నా, మైనస్ 12 దగ్గరే బండి రెండు నిమిషాలు నడిచి ఆగిపోవడానికి ఇదో కారణం.

అందుకే నడిచలిలో తీయాల్సిన బండికి రిఫైనరీలోనే చలికాలానికి తయారుచేసిన డీజిలే మేలు. దానికి క్లౌడ్ పాయింటే తక్కువగా ఉంటుంది. అది దొరకని చోట యాంటీ జెల్ రెండో దారి, కానీ డీజిల్ ఇంకా వెచ్చగా ఉండగానే, క్లౌడ్ పాయింట్‌కు కనీసం ఐదారు డిగ్రీలు పైన ఉన్నప్పుడే పోయాలి. మైనం కట్టిన తర్వాత పోస్తే అది కరిగించదు. స్ఫటికాలు పుట్టేటప్పుడు వాటిని చిన్నవిగా ఉంచడమే దాని పని. మందు ముందు పోసి తర్వాత డీజిల్ నింపితే ఆ తోపుకే కలుస్తుంది.

కిరోసిన్ మాకు నచ్చదు. మైనం తగ్గిస్తుంది నిజమే, దానితోపాటే సిటేన్ సంఖ్యనూ (డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) జారుడు గుణాన్నీ తగ్గిస్తుంది. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ గట్టి ఒత్తిడితో డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) పంపుకు ఆ జారుడే ప్రాణం. గంధకం ఎక్కువున్న కిరోసిన్ అయితే పొగ గొట్టంలోని శుద్ధి యంత్రాంగాన్ని కూడా చెడగొడుతుంది. పెట్రోలు కలపడం ఏ రకంగానూ తగదు, జారుడు గుణం పోవడమే కాక ట్యాంకు నిప్పు అంటుకునే ప్రమాదంలో పడుతుంది.

ఏది పోసినా బంకు నుంచి తెచ్చి నేరుగా నిలబెట్టకండి. గొట్టాలు, ఫిల్టరు, కామన్ రైల్ వీటిలో ఉన్నది ఇంకా పాత డీజిలే. 20, 30 కిలోమీటర్లు నడిపితే కొత్తది అన్నిచోట్లకీ చేరుతుంది.

స్టెబిలైజరా, బయోసైడా

స్టెబిలైజర్ డీజిల్ గాలితో కలిసి జిగురుగా మారకుండా ఆపుతుంది. తాజా డీజిల్‌లో కలిపితేనే ఉపయోగం, పాడైనదాన్ని బాగుచేయదు. చలిలో ఆ మార్పు ఎలాగూ నెమ్మదిస్తుంది కాబట్టి, బయోడీజిల్ లేని తాజా డీజిల్‌కు నాలుగు నెలల కోసం అది తప్పనిసరి కాదు. బయోడీజిల్ కలిసి ఉంటే వేయండి.

బయోసైడ్ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో పెరిగే ఫంగస్‌ను, బ్యాక్టీరియాను చంపుతుంది. నాచు అని పిలిచినా అది నాచు కాదు, వెలుతురు లేని ట్యాంకులో నాచు బతకదు. కడుచలిలో ఈ జీవులూ పెద్దగా పెరగవు, చలి మొదలయ్యే ముందూ తగ్గిన తర్వాతా విజృంభిస్తాయి. అందుకే నిలబెట్టే రోజే వేయాలి. ఒకటి ఎంచుకోమంటే బయోసైడ్‌నే ఎంచుకోండి. మోతాదు సీసా మీద రెండు రకాలుగా ఉంటుంది, రాకుండా ఆపడానికి తక్కువ, పట్టినదాన్ని చంపడానికి ఎక్కువ. రెండోది వాడితే చచ్చిన జిగురంతా ఫిల్టరుకు వస్తుంది, కనీసం రెండు ఫిల్టర్లు సిద్ధంగా పెట్టుకోండి. చేతికి తొడుగులు మరవకండి, అది మనిషికీ విషమే.

పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేయడమా, ముట్టుకోకపోవడమా

ముట్టుకోకపోవడమే మేలు. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లని ఇంజన్‌ను పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ఆ ఆవిరిలో కొంత ఆయిల్‌లోకి, సైలెన్సర్‌లోకి చేరి అక్కడే ఉండిపోతుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరైన డీపీఎఫ్‌లో మసి పేరుకుంటుంది. సెల్ఫ్‌కూ, చల్లని ఇంజన్‌ను ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గులకూ ఖర్చైన కరెంటు పది నిమిషాల్లో బ్యాటరీకి తిరిగి రాదు. నడపక తప్పదంటే రోడ్డెక్కించి, బరువు మీద అరగంటకు పైగా నడపండి. ఇంజన్ ఆయిల్‌ను మాత్రం నిలబెట్టే ముందే మార్చాలి. వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు నెలల తరబడి బేరింగుల మీద కూర్చుంటాయి.

బ్యాటరీ: వైరు తీయడమా, ఛార్జర్ పెట్టి ఉంచడమా

ఆపిన బండి కంప్యూటర్లు 50 మిల్లీఆంపియర్లు లాగినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, 90 రోజులకు 108. అంటే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సున్నా. నిండా ఛార్జైన బ్యాటరీ మైనస్ 50లోనూ గడ్డకట్టదు, దిగిపోయింది మైనస్ 8 దగ్గరే గడ్డకట్టి పగులుతుంది. దగ్గర్లో కరెంటు ఉంటే ఫ్లోట్ ఛార్జర్ (నిండిన బ్యాటరీని నిండుగానే నిలిపి ఉంచేది) పెట్టండి, లేకపోతే మైనస్ వైరు తీయండి. 24 వోల్టుల బండిలో ఛాసిస్‌కు వెళ్లే మైనస్ తీయాలి. డీఈఎఫ్ (పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం) వాడే బండిలో ఇంజన్ ఆపిన వెంటనే వైరు పీకకండి. గొట్టాల్లోని ద్రవాన్ని వెనక్కి లాగడానికి పంపుకు కొన్ని నిమిషాలు కావాలి. ఆ ద్రవం మైనస్ 11 వద్ద గడ్డకట్టి దాదాపు 7 శాతం ఉబ్బుతుంది.

కూలెంట్ సగం గ్లైకాల్, సగం శుద్ధజలం ఉంటే మైనస్ 37 దాకా నిశ్చింత. చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు, నీరు కలపని గ్లైకాల్ మైనస్ 13 చుట్టూనే గడ్డకడుతుంది. హ్యాండ్ బ్రేకు వదిలి చక్రాలకు చెక్కలు పెట్టండి. ఎయిర్ బ్రేకు బండైతే గాలి ట్యాంకుల్లోని నీళ్లు వదిలేయండి.

మళ్లీ తీసేరోజు తాళం తిప్పే ముందు వాటర్ సెపరేటర్ (డీజిల్ నుంచి నీటిని వేరుచేసే గిన్నె) కింది మర విప్పి అర లీటరు గాజు సీసాలోకి పట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున నీటి గీతగానీ నల్లని జిగురుగానీ కనిపిస్తే స్టార్ట్ చేయకండి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా ట్యాంకు అడుగు వదిలి కొత్త ఫిల్టరు బిగించండి. ఫిల్టరులో చేత్తో డీజిల్ పోసి నింపవద్దు, ట్యాంకు నుంచి డీజిల్‌ను ఫిల్టరుకు తోడే ప్రైమర్ పంపుతోనే నింపండి. చేత్తో పోసినది వడకట్టకుండానే నేరుగా ఇంజెక్టర్ల వైపు వెళ్లే ప్రమాదముంది.